సంతకం ముందు, మంట తర్వాత

పోయిన వారం సంచికలో కట్టలమ్మని రికార్డు గది మధ్యలో, చేతిలో చీపురుతో, వంగినది వంగినట్టే వదిలేసి వెళ్ళిపోయాం. ఈపాటికి నడుం పట్టేసి ఉంటుంది. ముందు ఆవిణ్ణి లేపుదాం.

ఆవిడ అలా బిగుసుకుపోవడానికి కారణం సూపరింటెండెంటుగారి కుర్చీ. ఆయన పొట్టి, బల్ల ఎత్తు. ఆ తేడా పూడ్చుకోవడానికి కొన్నాళ్ళుగా కుర్చీలో గోనెగుడ్డ చుట్టిన దిండు లాంటిదొకటి వేసుకుని కూర్చుంటున్నారు. బుధవారం సాయంత్రం కట్టలమ్మ ఊడుస్తుంటే ఆ గోనె ఒక మూల చిరిగి, లోపల పసుపు కాగితాల అంచులు, వాటి మీద ఎర్ర సిరాతో 37 అన్న అంకె కనబడ్డాయి. ఆ అంకె వేసింది ఆవిడే. ఆ కట్ట ఐదు వారాల కిందటే కాలి బూడిదైందని సంతకం పెట్టిందీ ఆవిడే.

ఇది సైనిక తంతి కార్యాలయం. యుద్ధం మొదలైన నెలలోనే పైనుంచి నీలం అట్ట పుస్తకం ఒకటి వచ్చింది. వచ్చిన ప్రతి సందేశానికీ రికార్డు గదిలో నంబరు పడాలి, నంబరు పడందే తీగ ఎక్కకూడదు. పంపిన సందేశం నకలు ముప్పై రోజులు ఉంచాలి, ముప్పై ఒకటో రోజున, నెలకో కట్ట చొప్పున, ఇద్దరు దగ్గరుండి కాల్చాలి. కాల్చామని ఇద్దరూ సంతకం పెట్టిన దహన పత్రం పదేళ్ళు ఉంచాలి. కాగితం ఆయుష్షు ముప్పై రోజులైతే, అది పోయిందని రాసిన కాగితం ఆయుష్షు పదేళ్ళన్నమాట. "మనుషులకీ అంతేగా, బతికుండగా ఎవరు రాసుకున్నారు మన గురించి?" అంటారు సూపరింటెండెంటుగారు. రెండో సంతకం ఎప్పుడూ ఆయనదే కాబట్టి కార్యాలయమంతా ఆయన్ని సాక్షిగారనే పిలుస్తుంది. కట్టలు కట్టే గుమాస్తా కట్టలమ్మ అయినట్టే.

మొదటి నెల వాళ్ళు పద్ధతిగానే కాల్చి, తర్వాత సంతకాలు పెట్టారు. పత్రం మీద బొటనవేలంత మసి మరక పడింది. "మరకల పత్రం చెల్లదు, శుభ్రమైన ప్రతి పంపండి" అని పైనుంచి తిరిగొచ్చింది. ఆ రోజు నుంచీ వాళ్ళు తెల్లటి చేతులతో ముందు సంతకం పెట్టి, తర్వాత పెరట్లోకి వెళ్ళి కాల్చడం మొదలుపెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత తెలియక కాదు. పై ఆఫీసు సామెతలు చదవదు, మరకలు చదువుతుంది.

ముప్పై ఏడో కట్ట రోజున సంతకాలయ్యాక వాన దంచింది. కాల్చే డ్రమ్ము నీళ్ళతో నిండిపోయింది. మర్నాటి నుంచీ కట్టలమ్మకి జ్వరం. నాలుగో రోజు తిరిగొచ్చేసరికి "అది అయిపోయిందమ్మాయ్" అన్నారు సాక్షిగారు. ఆవిడ నమ్మింది. ఈలోగా ఆ కట్టని కాల్చకుండా ఆపమని చీటీ వచ్చింది, కానీ పత్రం తేదీ కంటే రెండు రోజులు ఆలస్యంగా.

ఎందుకు ఆపమన్నారంటే, అందులో కట్టలమ్మ తమ్ముడి ప్రాణం ఉంది. అతను నది ఇవతలి గట్టున వంతెన పోస్టులో తంతి పనివాడు. అవతలి గట్టున ఉన్న పదిహేడు మందిని వెనక్కి రమ్మన్న ఆజ్ఞ సాయంత్రం నాలుగూ ఇరవైకే పంపేశామని ఇక్కడి డ్యూటీ అధికారి వాంగ్మూలం. ఆరూ ముప్పై ఎనిమిదికి గానీ రాలేదని తమ్ముడి వాంగ్మూలం. ఆరూ పదికే మనవాళ్ళు వంతెన పేల్చేశారు. పదిహేడు మందీ అవతలే ఉండిపోయారు. తమ్ముడి దగ్గర రిజిస్టరు ఉండేది గానీ, పోస్టు వదిలి వెనక్కొచ్చేటప్పుడు నియమం ప్రకారం దాన్ని తనే కాల్చేశాడు. కాల్చకపోతే అదొక నేరం. కాల్చాడు గనక సాక్ష్యం లేదు. ఆజ్ఞ అందీ అందించనివాడికి శిక్ష నీలం పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంది, అందులో 'లేదా' అన్న మాట లేదు.

శనివారం సైనిక కోర్టులో తమ్ముడి మీద తీర్పు. కట్ట నిజంగా కాలిందని ఇద్దరి నోటా చెప్పించుకోవడానికి విచారణ కెప్టెను గురువారం పదకొండున్నరకి వస్తున్నాడు. ఇవాళ గురువారం.

*

"వదినా, టీ చల్లారిపోతోంది. ఇందాకట్నుంచీ ఆ గోడ చదువుతున్నారు. ఏమైనా కొత్త కబుర్లున్నాయా అందులో?"

తమ్ముడి భార్య గ్లాసు మళ్ళీ దగ్గరికి జరిపింది. ఆ ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, మూడేళ్ళ పాప. ఏడుపులన్నీ మొదటి నెలలోనే అయిపోయాయి. ఇప్పుడు మాటలతోనే సరిపెట్టుకుంటున్నారు.

"గోడకి సున్నం వేయించాలనుకుంటున్నా."

"యుద్ధంలో సున్నమా! ముందు చక్కెర దొరకనివ్వండి." మరదలు ఎదురుగా కూర్చుంది. "ఆఫీసులో ఏదైనా పోయిందా?"

"పోలేదే. దొరికింది."

"దొరికితే ఆ మొహమేంటి మరి?"

కట్టలమ్మ టీ తాగింది. నిజంగానే చల్లారింది. మరదలు బల్ల సొరుగులోంచి ఆ ఉత్తరం తీసింది. రోజూ ఈ వేళకి తీస్తుంది. సెన్సారువాళ్ళు కత్తిరించగా మిగిలిన దాన్ని ఉత్తరమనడం కంటే జల్లెడ అనడం న్యాయం. పైన 'అక్కకి, నీకు' అని, కింద 'పాప దగ్గు తగ్గిందా' అని మిగిలాయి. మధ్యదంతా కిటికీలు. మరదలు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక కన్నంలోంచి వదిన వైపు చూసింది.

"ఈ కన్నాల్లో ఉన్నదంతా ఎవరైనా చదివిపెడితే ఆయన ఇంటికొచ్చేస్తారు, కాదూ? కత్తిరించిన ముక్కలు వాళ్ళ దగ్గరుంటాయి కదా వదినా?"

"ముప్పై రోజులుంటాయి."

"ఆ తర్వాత?"

"మాలాంటివాళ్ళు ఇంకెవరో ఉంటారు వాళ్ళకీ."

పాప వచ్చి ఉత్తరం అడిగింది, బొమ్మ చేసుకోవడానికి. దాని దృష్టిలో సగం పని ఎలాగూ అయిపోయింది. మరదలు ఉత్తరాన్ని మడతల ప్రకారం మడిచి సొరుగులో పెట్టేసింది. కట్టలమ్మ తాళంచెవుల గుత్తి నడుముకి దోపుకుంది. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మాట వినబడింది.

"వదినా, ఆ కెప్టెను ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. మీకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి."

*

సాక్షిగారు రోజూ పదింటికి వస్తారు. ఇవాళ కట్టలమ్మ తొమ్మిదికి వెళ్ళేసరికే వచ్చి, కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతులు రెండూ బల్ల మీద. పెన్ను మూత కూడా తీయలేదు. నిన్న ఆవిడ చూసిందని ఆయన చూశారన్నమాట.

రికార్డు గది పెద్దదేం కాదు. మూడు గోడలకీ ఇనుప అరలు. తలుపులో ఉత్తరం పట్టేంత చీలిక, దాని లోపలివైపు ఒక రేకు ట్రే. వచ్చిన సందేశాలు ఆ చీలికలోంచి ట్రేలో పడతాయి. కిటికీలోంచి పెరడు, పెరట్లో నల్లటి డ్రమ్ము. గోడ గడియారం రెండు నిమిషాలు ముందుంటుంది. అందరికీ తెలుసు గనక ఎవరూ సరిచేయరు.

ఆవిడ చీపురు తీసుకుంది.

"బాబాయిగారూ, ఒక్కసారి లేస్తారా? కుర్చీ కింద ఊడవాలి."

"నిన్న ఊడ్చావుగా."

"మధ్యలో ఆగిపోయాను."

"ఆగడమే మంచిది. దుమ్ము లేపితే మన కళ్ళల్లోనే పడుతుంది."

ఆవిడ చీపురు గోడకి చేరేసింది. పదిన్నర దాకా ఇద్దరూ పని చేసుకున్నారు. చీలికలోంచి పడిన చీటీలకి ఆవిడ నంబర్లు వేసింది, ఆయన రిజిస్టర్లో ఎక్కించారు. మామూలుగా ఆయన గంటకి రెండుసార్లు నీళ్ళకోసం లేస్తారు. ఇవాళ లేవలేదు. దాహానికి కూడా సంతకం పెట్టించుకున్నట్టున్నారు.

పదిన్నరకి ఆవిడ ముద్ర పక్కన పెట్టి, అరకి ఆనుకుని నిలబడింది.

"ముప్పై ఏడు," అంది.

"కాలిపోయింది. పత్రం ఉంది."

"మీరు దాని మీదే కూర్చున్నారు."

"నేను కుర్చీలో కూర్చున్నానమ్మాయ్."

"ఐదు వారాలుగా పొదుగుతున్నారు. కోడికైనా ఇరవై ఒక్క రోజులు చాలు."

ఆయన నవ్వబోయి మానేశారు. "సరే. ఉంది. అయితే ఏం చేద్దామంటావు?"

"లేవండి. తీస్తాను. కెప్టెనుగారు వస్తే చేతికిస్తాను."

"ఇచ్చి?"

"మా తమ్ముడు చెప్పింది నిజమని తెలుస్తుంది."

"తెలిసేలోగా ఇంకో రెండు తెలుస్తాయి. కాలని కట్టని కాలిందని రాసిన మొదటి మనిషి నువ్వు, రెండో మనిషి నేను. దానికి ఎన్నేళ్ళో పుస్తకంలో చూశావా?"

"ఐదు."

"ఒక్కొక్కరికి. పంచుకోవడానికి లేదు. నాకు అరవై ఒకటి. యుద్ధం వచ్చి పింఛనీ ఆపేశారు గనక ఇక్కడున్నాను గానీ, లేకపోతే ఈపాటికి ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద వ్యాఖ్యానాలు చేస్తుండేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించారు. "నా సంగతి వదిలెయ్. మనం ఇలా ముందు సంతకం పెట్టినవి ఎన్నున్నాయి? ముప్పై ఆరు. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా వాటినీ తవ్వుతారు. అవన్నీ మనం నిజంగానే కాల్చాం. ఎలా రుజువు చేస్తావు? బూడిద తెచ్చి చూపిస్తావా?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు అందరూ. మనం చేతులు కాలకుండానే పట్టుకున్నాం," అంది కట్టలమ్మ. "మసి అంటకూడదని."

"అది నా సలహానే. ఒప్పుకుంటా."

"మీరెందుకు కాల్చలేదు? మర్నాడే డ్రమ్ము ఎండిందిగా."

ఆయన పెన్ను తీసి, మూత విప్పి, మళ్ళీ పెట్టారు. కిటికీ వైపు చూశారు.

"ఇవాళా ఎండగానే ఉంది," అన్నారు చివరికి. "పదకొండున్నరకి ఇంకా టైముంది. ఇద్దరం కిందకి వెళ్దాం. నిజంగానే కాల్చేద్దాం. అప్పుడు ఆయన ఏమడిగినా మన చెవులు ఎర్రబడనక్కర్లేదు. తేదీ ఒక్కటే తేడా. ఐదు వారాల అబద్ధం, అంతే. ఇళ్ళల్లో ఇంతకంటే పెద్దవి ఆడుతుంటారు."

"మరి మా తమ్ముడు?"

"కాగితం లేకపోతే మీ తమ్ముడి మీద అనుమానం ఉంటుంది. కాగితం ఉంటే? అందులో నాలుగూ ఇరవై అని ఉందనుకో. అప్పుడు అనుమానం కూడా మిగలదు. మనిద్దరం జైలుకి, అతను గోడ ముందుకి. నువ్వు చూశావా లోపల ఏముందో?"

"లేదు."

"మరి?"

"వాడు అబద్ధం చెప్పడు."

"ప్రతి అక్కా అదే అంటుంది. నా పెద్దక్కా అనేది నా గురించి. ఆవిడ పొరబడింది."

కట్టలమ్మకి ఓ పాత సంగతి గుర్తొచ్చింది. తమ్ముడికి తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటి అద్దం పగిలింది. పగలగొట్టింది తనేనని వాడు ఎవరూ అడక్కముందే వెళ్ళి చెప్పొచ్చాడు. అప్పుడు ఇంట్లో అందరూ వాణ్ణి తెలివితక్కువ వెధవ అన్నారు, ఆవిడతో సహా. ఇదంతా సాక్షిగారికి చెప్పి లాభం లేదు. అద్దాల సాక్ష్యం కోర్టులో నిలవదు.

"అనుమానంతో ఎవరినీ వదిలెయ్యరు బాబాయిగారూ. శనివారం ఎవరి మాట నిలుస్తుందో మీకూ తెలుసు. అధికారి మాట ఒకపక్క, తంతి కొట్టేవాడి మాట ఒకపక్క. కాగితం లేకపోతే పెద్దవాడి మాటే కాగితం."

ఆయన తల వంచుకున్నారు. "నేను లేవను," అన్నారు. గట్టిగా కాదు. పిల్లలు అన్నం తిననన్నట్టు.

"లాగమంటారా?"

"లాగితే పరువు పోయేది నీది. అరవై ఏళ్ళ ముసలాణ్ణి కుర్చీలోంచి లాగిందని క్యాంటీన్లో చెప్పుకుంటారు."

"చెప్పుకోనివ్వండి. ఆ క్యాంటీన్లో టీ కంటే అదే వేడిగా ఉంటుంది."

అన్నదే గానీ ఆవిడ కదల్లేదు. అరకి ఆనుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, మరదలి కబుర్లు మొదలుపెట్టింది. పాప దగ్గు గురించి చెప్పింది. ఉత్తరంలో కన్నాలు ఎన్నున్నాయో చెప్పింది. పదకొండున్నాయి. సాక్షిగారు వింటున్నారు. మధ్యలో రెండుసార్లు ఆయన చూపు గోడ మీదకి వెళ్ళి వచ్చింది. ఆవిడ చూపూ వెళ్ళి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే ఉన్నారు.

గడియారంలో పదకొండూ రెండు. అంటే సరిగ్గా పదకొండు.

సైరన్ మోగింది.

ప్రతి గురువారం పదకొండింటికి సైరన్ పరీక్ష. మోగగానే ప్రతివాళ్ళూ లేచి, ముఖ్యమైన రిజిస్టరు చంకన పెట్టుకుని, కింది సెల్లారులోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడాలని నియమం. కార్యాలయం మొత్తం దాన్ని టీ గంటగా వాడుకుంటుంది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా సెల్లారుకి వెళ్ళే మనిషి ఒక్కరే. నలభై రెండు మెట్లు దిగి, చీకట్లో ఒంటరిగా నిలబడి, మళ్ళీ నలభై రెండు మెట్లు ఎక్కి వస్తారు. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతారు, కానీ వెళ్తారు.

"గడియారం చూసుకుని మాట్లాడావన్నమాట," అన్నారు సాక్షిగారు.

"మీరూ చూశారుగా."

సైరన్ కూస్తూనే ఉంది. ఆయన రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నారు. కూర్చోవడానికో లేవడానికో ఆ చేతులకే తెలియాలి. తర్వాత లేచారు. రిజిస్టరు తీసి చంకన పెట్టుకున్నారు. కుర్చీ వైపు తిరిగి చూడలేదు.

"సైరన్ మోగుతుంటే కూర్చోకూడదు," అన్నారు. "పుస్తకంలో ఉంది."

గుమ్మం దగ్గర ఆగారు.

"అమ్మాయ్. ఇవ్వదలుచుకుంటే చదవకుండా కూడా ఇవ్వొచ్చు."

ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

*

ఆ మాట మీద కట్టలమ్మ ఎంతసేపు ఆలోచించిందంటే, గోనె కుట్టు విప్పడానికి పట్టినంతసేపు. కుట్టింది సాక్షిగారే. మగవాళ్ళ కుట్టు, ఒక్క దారం లాగితే మొత్తం వచ్చేసింది.

కాగితాలు ఐదు వారాల బరువుకి అప్పడంలా అణిగి ఉన్నాయి. తేదీల వారీగా కట్టింది తనే గనక వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ తేదీ. ఆ సాయంత్రం. 'వంతెన పోస్టుకి, అతి జరూరు' అన్న చీటీ. కింద విషయమంతా అంకెల గుప్తలిపి, ఆవిడకి అర్థం కాదు, కావాల్సిన అవసరమూ లేదు. ఆవిడకి కావాల్సింది అడుగున ఉన్న ముద్రలు.

ఆఖరి ముద్ర ముందు చూసింది. తీగ మీద పంపినది: ఆరూ ముప్పై ఎనిమిది. పక్కన డ్యూటీ అధికారి పొట్టి సంతకం.

తమ్ముడు చెప్పింది నిమిషంతో సహా నిజం.

కట్టలమ్మ నేల మీద కూర్చుండిపోయింది. చదివిందే ఇంకోసారి చదివింది. మరదలికి ఎలా చెప్పాలా అని కూడా అనుకుంది. ముందు పాపని ఎత్తుకుని చెప్పాలా, టీ పెట్టించుకుని చెప్పాలా అని. ఇంత సంతోషం మీద పడ్డాక మనిషి మిగతాది చదవదు. కానీ ఆవిడ పదిహేడేళ్ళుగా గుమాస్తా. కాగితం కింద పెట్టేముందు అన్ని గళ్ళూ చూడటం చేతికి అలవాటు.

మొదటి ముద్ర, చీలికలో వేసేముందు బయటే కొట్టేది: ట్రేలో పడినది, నాలుగూ ఇరవై.

మధ్య ముద్ర: నంబరు వేసినది, ఆరూ ముప్పై. పక్కన ఎర్ర సిరాతో ఒక పొట్టి సంతకం.

అది ఆవిడదే.

సైరన్ ఆగిపోయింది. గడియారం చప్పుడు వినబడసాగింది.

ఆ రోజు ఆవిడకి బాగానే గుర్తుంది. ముప్పై ఆరో కట్ట కాల్చిన రోజు. కాగితాలకి చెమ్మ పట్టి మంట అందుకోలేదు. ఆఖరి అక్షరం బూడిదయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ పెరడు దాటకూడదు, అంతసేపూ గదికి తాళం ఉండాలి. తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. మూడున్నరకి దిగినవాళ్ళు ఆరున్నరకి ఎక్కారు. ఇనుప చువ్వతో బూడిద కలుపుతూ, పొగకి దగ్గుతూ, సాక్షిగారు చెప్పిన జోకులకి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది కూడా. పైకొచ్చేసరికి ట్రేలో ముప్పైకి పైగా చీటీలు. నంబరు వేసే మనిషి చీటీ చదవకూడదన్నది నియమం. ఊపిరి తిప్పుకోకుండా అన్నిటికీ ముద్ర వేసి లోపలికి పంపింది. ఎంత త్వరగా వేశానో అని ఆ రోజు మురిసిపోయింది కూడా.

రెండు గంటల పది నిమిషాలు ఆ ఆజ్ఞ ఇదే గదిలో, ఆ రేకు ట్రేలో పడుంది. ఒక్క నియమమూ తప్పలేదు. పదిహేడు మంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు నెమ్మదిగా పైకొచ్చింది. సాక్షిగారు గుమ్మంలో నిలబడి, నేల మీదున్న ఆవిణ్ణి, ఆవిడ ఒళ్ళో కాగితాన్ని చూశారు.

"చదవొద్దన్నానుగా."

"మీరు ఎప్పుడు చదివారు?"

"ఆపమని చీటీ వచ్చిన రోజు. నీకు జ్వరం. వెతికి తీశాను. కింద అతని ప్రాణం ఉంది, మధ్యలో నీ సంతకం ఉంది." ఆయన రిజిస్టరు అరలో పెట్టారు. "కాల్చడానికి చేతులు రాలేదు. ఇవ్వడానికీ రాలేదు. తెగని ఫైలు మీద కూర్చోవడం తప్ప గుమాస్తాకి ఇంకేం తెలుసు? కూర్చున్నాను."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఏమనేదానివి?"

ఆవిడ లేచి, చీర దులుపుకుంది. మిగతా కట్టని అర కిందికి తోసి, చీటీని వెనక్కి దాచుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. కెప్టెను పది నిమిషాలు ముందే వస్తున్నాడు.

*

విచారణ కెప్టెనుకి ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తుడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, నమస్కారం పెట్టి, కూర్చోమనేదాకా నిలబడ్డాడు. సాక్షిగారు తన కుర్చీలో కూర్చున్నారు. దిండు లేకపోవడంతో బల్ల మీద ఆయన తల మాత్రమే మిగిలింది.

"కుర్చీ కాస్త పొట్టిదైనట్టుందే," అన్నాడు కెప్టెను.

"కుర్చీ అంతే సార్. ఇవాళ నేనే దిగాను."

కెప్టెను నవ్వాలో లేదో తేల్చుకోలేక ఫైలు విప్పాడు. దహన పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. మచ్చలేని కాగితం. ఎక్కడా మసి లేదు.

"రెండే ప్రశ్నలమ్మా. ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ముప్పై ఏడో కట్ట మీ కళ్ళముందు కాలిందా?"

కట్టలమ్మ తన చెవులు ఎర్రబడ్డాయేమోనని తడుముకుంది. లేదు. చల్లగానే ఉన్నాయి. వెనక దాచుకున్న చీటీని పత్రం పక్కన పెట్టి, మధ్య గడి మీద వేలు ఆనించింది.

"ఇదీ నాదే," అంది.

కెప్టెను వంగి చదివాడు. మూడు ముద్రలూ వరసగా చదివాడు. మళ్ళీ కింద నుంచి పైకి చదివాడు. ఆరూ ముప్పై ఎనిమిది పక్కనున్న సంతకం దగ్గర చాలాసేపు ఆగాడు. మొహంలో ఏమీ మారలేదు గానీ, చంకలోని టోపీ జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఇది ఇంకెవరు చూశారు?"

"ఈ గదిలో ఉన్న ముగ్గురమే," అన్నారు సాక్షిగారు, బల్ల అంచు మీదుగా.

కెప్టెను లేచాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. చీలిక రెక్క కూడా దించాడు. తిరిగొచ్చి జేబులోంచి అగ్గిపెట్టె తీసి, రెండు కాగితాల మధ్య పెట్టాడు.

"ఈ రెండూ ఒకే ఫైల్లో ఉండటానికి లేదమ్మా. శనివారం నేను ఒకటే పట్టుకెళ్ళగలను," అన్నాడు. గొంతులో బెదిరింపు లేదు, జాలీ లేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పాడు. "ఏది పట్టుకెళ్ళాలో నేను చెప్పకూడదు. నేను ఆ కిటికీ దగ్గర నిలబడతాను."

అతను వెళ్ళి పెరట్లో డ్రమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు. సాక్షిగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

కట్టలమ్మ తలుపు దగ్గరికి వెళ్ళింది. రేకు ట్రేలోని చీటీలన్నీ తీసి అరలో పెట్టి, ఖాళీ ట్రే తెచ్చి బల్ల మీద ఉంచింది. రెండు కాగితాల్లోంచి మచ్చలేనిదాన్ని ఎత్తి అందులో వేసింది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది.

"బాబాయిగారూ, కళ్ళు తెరవండి," అంది. "ఇద్దరం చూడాలి కదా. ఈసారి మంటే ముందు."